కాళ్ళు పొంగాయని మాత్ర మానేశారా?

మీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ పుస్తకం కాసేపు పక్కన పెట్టి ఆ షీటు తెచ్చుకోండి. వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కింద సన్నగా అచ్చేసిన అసలు మందు పేరు చదవండి. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్, నిఫెడిపిన్ అంటూ చివర ‘డిపిన్’ వచ్చే పేరు కనిపించిందా? లేకపోతే డిల్టియాజెమ్ అనో, వెరాపమిల్ అనో ఉందా? అయితే ఈ అధ్యాయం మీ కోసమే. వీటన్నిటినీ కలిపి కాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటారు. 2017లో దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ మొదటి విడత రాష్ట్రాల్లో ఒకటి. ఆ కార్యక్రమం కింద చాలా రాష్ట్రాలు మొదటి మెట్టుగా పెట్టుకున్నది ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రే. అంత మామూలు మందు ఇది. చౌక కూడా.

“నాకు అసలే మోకాళ్ళు అరిగాయి, మళ్ళీ కాల్షియాన్ని ఆపే మందిచ్చారేంటి?” అని మీరూ అనుకున్నారా? భయం అక్కర్లేదు. ఇది ఎముకల జోలికి వెళ్ళదు. రక్తనాళాల గోడల్లో కండరం ఉంటుంది. అది బిగుసుకోవాలంటే కాల్షియం కణం లోపలికి వెళ్ళాలి. ఈ మందు ఆ దారిని కొంత మూసేస్తుంది. కండరం వదులవుతుంది, నాళం విచ్చుకుంటుంది, బీపీ దిగుతుంది. గుండెకు రక్తం అందించే నాళాలూ అలాగే విచ్చుకుంటాయి కాబట్టి, నాలుగడుగులు గబగబా వేస్తే ఛాతీ పట్టేసే నొప్పికి, అంటే ఆంజైనాకీ, ఇదే మందు రాస్తారు. సిద్ధాంతం ఇంతే, ఇక మన పనిలోకి వద్దాం.

మందు మంచిదే. తంటాలన్నీ ఇంట్లో మనం చేసుకునేవే. కారణం చెప్పకుండా మానేయడం, ఒకే మందు రెండు పేర్లతో మింగడం, కాళ్ళు వాచాయని ఇంకో మందు తెచ్చుకోవడం. ఒక్కొక్కటీ చూద్దాం.

1. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి

ఈ మందుల్లో రెండు రకాలున్నాయి. డిపిన్‌లు ముఖ్యంగా రక్తనాళాల మీద పనిచేస్తాయి. డిల్టియాజెమ్, వెరాపమిల్ మాత్రం గుండె కొట్టుకునే వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఈ తేడా మనకెందుకు? ఎందుకంటే నాడి తగ్గించే మందులు ఇంకా ఉన్నాయి: మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి. ఈ రెండూ కలిస్తే నాడి మరీ పడిపోవచ్చు.

ఎలా కలుస్తాయంటారా? మామయ్యగారికి ఆంజైనా అని పెద్దాసుపత్రిలో డిల్టియాజెమ్ రాశారు. ఆర్నెల్ల తర్వాత కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళారు. అక్కడ గుండె దడగా ఉందంటే కొత్త డాక్టరు మెటోప్రొలాల్ రాశారు. పాత చీటీ ఊళ్ళో బీరువాలో ఉండిపోయింది. వారం తిరక్కుండానే మామయ్యగారు స్నానాల గది దగ్గర కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు. డాక్టర్లు కావాలని ఈ రెండూ కలిపి ఇచ్చే సందర్భాలూ లేకపోలేదు, అప్పుడు ఈసీజీ చూసుకుంటూ ఇస్తారు. తెలియక కలిస్తేనే ప్రమాదం. మీరు ఈ రకం మందు వాడుతుంటే మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టడం నేర్చుకోండి. నిమిషానికి 50 కంటే తగ్గి, కళ్ళు తిరగడం, నీరసం ఉంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. గుండె బలహీనంగా ఉందని, పంపింగు తక్కువగా ఉందని ఎకోలో వచ్చినవాళ్ళకు డిల్టియాజెమ్, వెరాపమిల్ సాధారణంగా పనికిరావు. ఆ రిపోర్టు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మీ వెంట ఉండాలి.

2. ఒకే మందు రెండు పేర్లతో వేసుకోవడం లేదు కదా?

స్టామ్లోలో ఉన్నదీ ఆమ్లోడిపినే, ఆమ్లాంగ్‌లో ఉన్నదీ ఆమ్లోడిపినే. టెల్మా పక్కన ‘ఏఎం’ అని ఉంటే అందులో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా ఉన్నట్టు. ఒక డాక్టరు స్టామ్లో రాశారు, ఇంకొకరు టెల్మా-ఏఎం రాశారు. మీరు రెండూ బుద్ధిగా వేసుకుంటున్నారు. తెలియకుండానే మోతాదు రెట్టింపయింది. మందుల షాపులో “అది లేదు, ఇది తీసుకోండి, ఒకటే” అన్నప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. పాత షీటులో నాలుగు మిగిలి ఉంటాయి, కొత్తది మొదలవుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు రంగు వేరు కదా అని రెండూ వేసుకుంటారు.

పేరు చివరి అక్షరాల్ని తేలిగ్గా తీసుకోకండి. ‘హెచ్’ ఉంటే చాలావరకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంటుంది. ‘ఏటీ’ ఉంటే అటెనొలాల్. ఈ అటెనొలాల్ కలిసిన మాత్రను ఉన్నట్టుండి ఆపకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. మానాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

3. “రెండ్రోజులు మానేశా, ఏమీ కాలేదే!”

ఈ మాట మీరు కూడా అన్నారా? ఆమ్లోడిపిన్ మనల్ని మోసం చేసేది ఇక్కడే. ఒంట్లో ఉన్న మందులో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. కాబట్టి పండక్కి ఊరెళ్ళి రెండు రోజులు మర్చిపోతే మిషను మీద అంకె పెద్దగా మారదు. “చూశావా, మాత్ర లేకపోయినా నా బీపీ బాగానే ఉంది” అని ధైర్యం వస్తుంది. మూడో రోజూ వేసుకోరు, నాలుగో రోజూ వేసుకోరు. వారం గడిచేసరికి బీపీ చడీచప్పుడు లేకుండా పాత చోటికి చేరుతుంది. తలనొప్పి రాదు, మెడ పట్టదు, ఏమీ తెలియదు.

మొదలుపెట్టినప్పుడూ అంతే. ఇవాళ వేసుకుని రేపు బీపీ చూసి “ఈ మందు పనిచేయట్లేదు” అనకండి. వారం, పది రోజులు ఆగాలి.

మర్చిపోతే ఏం చేయాలి? గుర్తొచ్చేసరికి 12 గంటలు దాటకపోతే వేసేసుకోండి. దాటితే వదిలేయండి, మర్నాడు మామూలు వేళకి ఒక్కటే. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు వేసుకోవద్దు. ఇక పొద్దున్న వేసుకోవాలా, రాత్రా? దీనిమీద వాట్సాప్‌లో చాలా పాండిత్యం నడుస్తోంది. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులతో చేసిన టైమ్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. బీపీ మందులు ఉదయం వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా కనిపించలేదు. మీరు మర్చిపోని వేళే మీకు మంచి వేళ. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా రోజుకొకసారి వేసుకునే ఆమ్లోడిపిన్‌కు పెద్ద ఇబ్బంది లేదు, అన్నంతో పనిలేదు. వేళ మార్చుకుంటే సరి.

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించే అలవాటు ఒకటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేరోజు మాత్ర వేసుకోకుండా వెళ్ళడం. “మందు లేకుండా అసలు బీపీ ఎంతుందో తెలియాలి కదా” అంటారు. అంతకుముందు నాలుగు రోజులు కూడా వేసుకోలేదని మాత్రం చెప్పరు. డాక్టరు మిషను చూస్తారు, 160 ఉంటుంది, 5ను 10 చేస్తారు. ఆ 10తోనే తర్వాతి గొడవ మొదలవుతుంది.

4. కాళ్ళు ఎందుకు పొంగుతాయి, పొంగితే ఏం చేయాలి?

ఈ మందు వాడేవాళ్ళలో ఎక్కువమంది భయపడేది దీనికే. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. పట్టీలు చర్మంలోకి దిగినట్టుంటాయి. పిక్క ముందుభాగం ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే అక్కడ గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. పక్కింటావిడ చూసి “అయ్యో, కిడ్నీలు పోయినట్టున్నాయి పిన్నీ” అంటుంది. ఆ రాత్రి పిన్నికి నిద్ర పట్టదు. మర్నాటినుంచి మాత్ర బంద్.

నిజానికి జరిగేదేమిటి? ఈ మందు చిన్న ధమనుల్ని బాగా విప్పుతుంది, సిరల్ని అంతగా విప్పదు. లోపలికి వచ్చే దారి వెడల్పయింది, బయటికి పోయే దారి మాత్రం అంతే ఉంది. మధ్యలో సన్నటి నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టూ కండలోకి ఊరుతుంది. రోజంతా నిలబడతాం కాబట్టి అది పాదాల్లోకి దిగుతుంది. కిడ్నీలు పాడవడం వల్ల వచ్చిన నీరు కాదు ఇది.

ఇది మోతాదును బట్టి ఉంటుంది. ఆమ్లోడిపిన్ పరీక్షల్లో 5 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో నూటికి ముగ్గురికి, 10 వేసుకున్నవాళ్ళలో నూటికి సుమారు పదకొండు మందికి వాపు కనిపించింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు రెట్లకు పైగా ఎక్కువ.

ఇక్కడ జనం చేసే మొదటి తప్పు మానేయడం. రెండోది ఇంకా పెద్దది. “నీరు తీసే మాత్ర” తెచ్చుకోవడం. కాళ్ళు వాచాయంటే మందుల షాపులోనో, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరో లాసిక్స్ చేతిలో పెడతారు. అది కిడ్నీల ద్వారా నీటిని, ఉప్పుని బయటికి పంపే మందు. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కానప్పుడు దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. వాపు అలాగే ఉంటుంది. పెద్దావిడ మాత్రం రాత్రి నాలుగుసార్లు బాత్రూముకి లేస్తుంది. సోడియం, పొటాషియం తగ్గుతాయి, నీరసం వస్తుంది, చీకట్లో కాలు జారుతుంది. తుంటి విరిగాక ఇంట్లోవాళ్ళు బాత్రూము టైల్స్‌ని తిట్టుకుంటారు. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు మొదలుపెట్టడం ప్రపంచమంతా డాక్టర్లను కలవరపెడుతున్న సమస్యే. ఆమ్లోడిపిన్, లాసిక్స్ జంట అందులో పేరుమోసింది.

మరి ఏం చేయాలి? డాక్టరు దగ్గర దారులు చాలానే ఉన్నాయి. 10ని 5కి దించి ఇంకో మందు జతచేయవచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి కలిపితే బీపీ ఇంకాస్త దిగడమే కాదు, వాపూ తగ్గుతుంది, ఎందుకంటే అవి సిరల్ని కూడా విప్పుతాయి. సిల్నిడిపిన్‌కి మారిస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. మీరు చేయాల్సిందల్లా చెప్పడం. ఎలా చెప్పాలంటే ఇలా: “డాక్టరుగారూ, ఈ మాత్ర పెంచాక రెండు పాదాలూ సాయంత్రానికి పొంగుతున్నాయి, పొద్దున్నకి తగ్గుతున్నాయి. ఆయాసం లేదు. మందు వల్లేనా? మార్చడానికి వీలుంటుందా?” ఈ నాలుగు ముక్కల్లో ఆయనకు కావలసిన సమాచారమంతా ఉంది.

అన్ని వాపులూ మందు వల్లే అని మాత్రం సరిపెట్టుకోకండి. ఒక్క కాలే వాచి నొప్పిగా, వేడిగా ఉందా? పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తోందా? పొద్దున్న లేవగానే మొహం, కళ్ళ కింద ఉబ్బుతోందా? మూత్రం తగ్గిందా, నురగ ఎక్కువగా వస్తోందా? నాలుగైదు రోజుల్లో బరువు గబగబా పెరిగిందా? వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి, అది వేరే కథ.

అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకులకీ కూతుళ్ళకీ ఒక మాట. వీడియో కాల్‌లో “అమ్మా, మాత్ర వేసుకున్నావా?” అంటే “వేసుకున్నా నాన్నా” అనే జవాబే వస్తుంది. ఫోను ఒకసారి కాళ్ళవైపు తిప్పమనండి.

5. మిగతా చిన్న చిన్న ఇబ్బందులు

మొదటి వారంలో తలనొప్పి, మొహంలోకి వేడి ఆవిరి కొట్టినట్టుండటం, కాస్త దడ రావచ్చు. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. వెరాపమిల్‌తో మలబద్ధకం మామూలే, వయసు మళ్ళినవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బంది, సిగ్గుపడకుండా చెప్పండి. చిగుళ్ళు ఉబ్బి పళ్ళమీదకి వస్తుంటే పళ్ళడాక్టరుకి మీ బీపీ మందు పేరు చెప్పడం మర్చిపోవద్దు. పళ్ళ శుభ్రత సరిగా లేనివాళ్ళలో ఇది ఎక్కువ.

‘ఎస్ఆర్’, ‘రిటార్డ్’ అని ఉన్న మాత్రల్ని నమలకండి, నూరకండి. రోజంతా కొద్దికొద్దిగా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

6. నాలుక కింద క్యాప్సూల్ పద్ధతి మరిచిపోండి

బీపీ 200 ఉందనగానే నిఫెడిపిన్ క్యాప్సూల్‌కి సూదితో చిల్లు పెట్టి నాలుక కింద పిండే రోజులు ఒకప్పుడు ఉండేవి. మిషను మీద అంకె చకచకా దిగేది, అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. కానీ అంత వేగంగా బీపీ పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం అందక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సంఘటనలు బయటపడ్డాయి. 1996లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ పద్ధతిని నిలిపివేయాలని వైద్యులు వాదించారు. మీ ఇంట్లో పాతకాలం మనిషి ఎవరైనా ఇంకా ఈ సలహా ఇస్తుంటే నవ్వి ఊరుకోండి.

మరి అంకె ఎక్కువ కనిపిస్తే? ముందు ఎలా చూశారో గుర్తు తెచ్చుకోండి. మెట్లెక్కి వచ్చి, కాఫీ తాగి, టీవీలో మ్యాచ్ చూస్తూ, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూశారా? అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకి తాకేలా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టండి. మాట్లాడకుండా రెండుసార్లు చూడండి. అయినా బాగా ఎక్కువ ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. మాట తడబడటం, ఒకవైపు బలం తగ్గడం, ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే ఫోన్లు కాదు, నేరుగా ఆసుపత్రికే.

7. వీటితో కలిపేముందు అడగండి

జలుబు, దగ్గు అని వెళితే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తుంటారు. అది ఈ మందుల్ని కాలేయంలో విరగనివ్వదు, రక్తంలో మందు పెరిగి బీపీ బాగా పడిపోవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి తలకిందులు, మందు పనిచేయకుండా చేస్తుంది. కొలెస్ట్రాల్‌కి సింవాస్టాటిన్ వాడుతుంటే ఆమ్లోడిపిన్‌తో కలిపి రోజుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మోకాళ్ళనొప్పులకి అదే పనిగా మింగే నొప్పి బిళ్ళలు బీపీని పైకి తోస్తాయి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇంకొకటి. గ్రేప్‌ఫ్రూట్ రసం. ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్‌తో మద్యం కలిస్తే ఏమవుతుందో చూడటానికి, మద్యం రుచి తెలియకుండా ఈ రసం కలిపి ఒక ప్రయోగం చేసింది. తీరా చూస్తే రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పెరిగింది. ప్రభావం ఫెలోడిపిన్ మీద ఎక్కువ, ఆమ్లోడిపిన్ మీద చాలా తక్కువ. మన పంపరపనస కూడా ఆ జాతిదే, ఒకటి రెండు తొనలతో కొంపలేమీ మునగవు గానీ రోజూ గిన్నెడు తినేవాళ్ళు డాక్టరు చెవిన వేయండి.

గర్భం వచ్చినా, రావాలనుకుంటున్నా వెంటనే చెప్పాలి. నిఫెడిపిన్‌ను గర్భిణులకి కూడా వాడతారు. డిపిన్‌లతో జతగా వచ్చే టెల్మిసార్టాన్ లాంటివి మాత్రం పనికిరావు.

8. అది గ్యాస్ అని ఎవరు చెప్పారు?

ఆంజైనాకి ఈ మందు వాడేవాళ్ళు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఆమ్లోడిపిన్, డిల్టియాజెమ్ నొప్పి రాకుండా రోజూ వేసుకునేవి. నొప్పి వచ్చిన క్షణంలో ఇంకో ఆమ్లోడిపిన్ మింగితే లాభం లేదు, అది ఒంటికి పట్టేసరికి గంటలు గడుస్తాయి. అప్పటికప్పుడు పనిచేసేది డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ లాంటి మాత్ర, నాలుక కింద పెట్టుకునేది.

భోజనం చేసి నాలుగడుగులు వేస్తే ఛాతీ మధ్యలో బరువుగా, పట్టేసినట్టుగా ఉందా? దవడకో, ఎడమచేతికో పాకుతోందా? నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోందా? మనవాళ్ళు దీనికి ఈనో తాగుతారు, వాము నీళ్ళు తాగుతారు, తేన్పు వచ్చిందా అని అడుగుతారు. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పిని గ్యాస్ అని మీకు మీరే తేల్చేయకండి. కొద్దిమందికి ఈ నొప్పి విశ్రాంతిలో, తెల్లవారుజామున వస్తుంది, గుండె రక్తనాళం ఉన్నట్టుండి బిగుసుకోవడం వల్ల. వాళ్ళకి కాల్షియం ఛానల్ బ్లాకర్లే ముఖ్యమైన మందు, ఒక్కరోజు మానినా నొప్పి తిరగబెట్టవచ్చు.

నొప్పి వస్తే కూర్చోండి. నిలబడి సార్బిట్రేట్ పెట్టుకుంటే బీపీ పడి కళ్ళు తిరగొచ్చు. ఒకటి నాలుక కింద పెట్టుకుని అయిదు నిమిషాలు చూడండి. తగ్గకపోయినా, పెరుగుతున్నా, చెమటలు పడుతున్నా 108కి ఫోన్ చేయండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళొద్దు. బండి వచ్చేలోగా రోజూ వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసి చేత్తో పట్టుకోండి, అక్కడ డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. రెండు రోజుల్లోపు వయాగ్రా లాంటి మాత్ర ఏదైనా వేసుకుని ఉంటే సార్బిట్రేట్ అసలు పెట్టుకోవద్దు, ఆ సంగతి డాక్టరుకి మొహమాటం లేకుండా చెప్పండి. పిల్లలు పక్కనుంటే బయటికి వెళ్ళమనండి.